సముద్రం దాటిన వేపాకు

మా అమ్మ బతికి ఉండగానే, ఇంట్లో నాకు రోజూ అన్నం వడ్డిస్తూ ఉండగానే, ఇంకొకామె నాకు అమ్మ అయి ఉంటే బాగుండేదని నేను అనుకున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. మా అమ్మకు చదవడం రాదు. అయినా అక్షరాల్లో పెడితే ఆమెకు ఎట్లాగో తెలిసిపోతుందని భయపడేదాన్ని.

ఇప్పుడు రాయడానికి కారణం మణెమ్మ. పోయిన శనివారం నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి వస్తుంటే ఆమె అదే బస్సు ఎక్కింది. కొన్నేళ్ల కింద కొత్తకోట దగ్గర ఒక షెడ్డులో మేమిద్దరం పనిచేశాం. నేను ఆఫీసు గదిలో, ఆమె లోపల బల్లల దగ్గర. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుంది. ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావని అడిగింది. నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీ ఆఫీసులో అని చెప్పాను. "ఆడ గూడ గిట్లనే నోరు మూసుకోని కూసుంటవా?" అని నవ్వింది. ఆ తర్వాత చెప్పింది.

"అక్క పోయింది, తెల్వదా నీకు? వానకాలంల. బొంబయిలనే."

"ఇక్కడికి తీసుకొచ్చారా?"

"యాడ తెస్తరు? ఆడనే పూడ్సిన్రు."

మణెమ్మ కండక్టర్‌ని పిలిచి టికెట్ తీసుకుంది, చిల్లర కోసం కాసేపు గొడవపడింది, బిజినేపల్లిలో దిగిపోయింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "ఆడనే" అన్న ఒక్క మాట వనపర్తి దాకా నాతో వచ్చింది.

షెడ్డులో అందరూ ఆమెను అక్కా అనేవాళ్లు. నా వయసుకు ఆమెను అక్క అనలేను. పెద్దమ్మా అనాలో, అత్తా అనాలో తేల్చుకోలేక, ఏదంటే ఏమనుకుంటుందోనని, చివరిదాకా ఏమీ అనలేదు. ఏదైనా అడగాలంటే పోయి ఆమె పక్కన నిలబడేదాన్ని. తలెత్తి తనే చూసేది. మొదటి రోజు కూడా అంతే జరిగింది. బట్టల బేళ్లు ఎక్కడిదాకా అయినయో కనుక్కుని రమ్మని షెడ్డు యజమాని సేటు పంపిస్తే, ఆమె బల్ల దగ్గర నిలబడి ఎట్లా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. ఆమె చేతిలో పని ఆపకుండానే పక్కనున్న బట్టల మూటను కాలితో నా వైపు నెట్టింది.

"నిలవడితె కాళ్లు గుంజుతయి, కూసో. మాట వచ్చినప్పుడు అడుగుదువు."

నాకు ఇంగ్లీషు రాయడం వచ్చు, మాట్లాడటం రాదు. నిజం చెప్పాలంటే మాట్లాడటం తెలుగులో కూడా అంతంతమాత్రమే. ఇంట్లో, కాలేజీలో, బంధువుల పెళ్లిళ్లలో ఈ సంగతి అందరూ ఒక జబ్బులాగా చూసేవాళ్లు. "మూగదాన్ని కన్నట్టుంది నా బతుకు" అని మా అమ్మ అప్పుడప్పుడు విసుక్కునేది. మాట వచ్చేదాకా కూర్చోవచ్చని నాతో అన్న మొదటి మనిషి ఆమె.

మా షెడ్డు కొత్తకోట దాటాక హైవే పక్కన, లారీ మెకానిక్‌ల వరుసకు చివర ఉండేది. బట్టల ఫ్యాక్టరీల్లో బనియన్లు, టీషర్టులు కుట్టగా మిగిలిన ముక్కలు, నూలు మిల్లుల్లో తెగి చిక్కుపడ్డ దారం బెంగళూరు దిక్కు నుంచి లారీల్లో వచ్చేవి. ఆడవాళ్లు వాటిని వేరు చేసేవాళ్లు. రంగు ముక్కలు ఉత్తరాదికి పోయి, అక్కడ చీలి, మళ్లీ నూలుగా మారి, దుప్పట్లయ్యేవి. చిక్కుదారం ఇక్కడి మెకానిక్‌లు చేతుల జిడ్డు తుడుచుకోవడానికి కొనేవాళ్లు. తెల్లటి మెత్తటి ముక్కలకు మాత్రం విదేశాల్లో గిరాకీ. అక్కడి ఫ్యాక్టరీల్లో యంత్రాలు తుడవడానికి కొత్త గుడ్డ కంటే ఇవే మంచివట. వాటిని ప్రెస్సు మిషన్‌లో నొక్కి, బేళ్లు కట్టి, కంటైనర్‌లో పెట్టి ఓడ ఎక్కించేవాళ్లు. ఆ సరుకు కాగితాలు, విదేశం నుంచి వచ్చే మెయిళ్లు నా పని.

ఆమెది తెల్ల ముక్కలు ఏరే తెల్ల బల్ల. పుట్టిల్లు గద్వాల దిక్కు, కృష్ణ దాటితే రాయచూరు వచ్చే వైపు. చిన్నప్పుడు నేతవాళ్ల ఇళ్లలో కండెలు చుట్టిందట. ఎవరైనా రెండోసారి వడ్డించబోతే "సాకు, సాకు" అని చేయి అడ్డం పెట్టేది. చాలు అనడానికి ఆ వైపు వాళ్లు కన్నడంలో అట్లాగే అంటారు. అత్తగారి ఊరు ఖిల్లా ఘణపూర్ గుట్ట కింద. పెళ్లైన ఏడాదే మొగుడితో బొంబాయి పోయి, బిల్డింగుల పనిలో, ఆ తర్వాత బట్టల గోదాముల్లో చేసి, తల నెరిశాక తిరిగొచ్చింది. అందుకే పీలికలను మాలాగా పీలికలు అనేది కాదు, బొంబాయి మాటతో చిందీలు అనేది.

చిందీ చేతికి తీసుకోగానే మోకాలి మీద పరిచి అరచేత్తో ఒకసారి సాఫు చేసేది. ఎవరో తొడుక్కోబోయే చొక్కాను ఇస్త్రీ చేసినట్టు. తర్వాత బొటనవేలితో అంచుల వెంట తడిమేది, గుండుసూది గానీ గట్టి కుట్టు గానీ ఉందేమోనని. మిగతావాళ్లు ముక్క తీసి, చూసి, విసిరేవాళ్లు. ఆమె విసిరేది కాదు, పెట్టేది. చిక్కుదారం లారీ వచ్చిన రోజు ఒక పోగును విడదీయకుండా ఉండలేకపోయేది. విడదీసిన దారాన్ని ఎడమ మణికట్టుకు చుట్టుకునేది. సాయంత్రానికి అక్కడ తెల్లటి గాజులాగా తయారయ్యేది.

"ఏంటికక్కా గంత నిమ్మళం? మిషన్ తుడిసి పారేసే గుడ్డనే గద," అనేది మణెమ్మ.

"మిషన్ తుడిసేటామెకు చేతులుండయా?"

"ఆమె అని నీకెవలు చెప్పిన్రు? మొగోడు గావచ్చు."

"ఇంత మెత్త గుడ్డ మొగోనికిస్తరా యాడన్న?"

అవతలి ఒడ్డున బేలు విప్పే మనిషి ఒక ఆడదని, తనలాంటిదేనని ఆమె నమ్మకం. ఆమెకు పేరు లేదు. "గామె" అనేది. గామెకు సూది గుచ్చుకోవద్దు. గామె విప్పంగనే ముక్క వాసన రావద్దు. బల్ల దగ్గర అందరికీ ఇదొక ఆట. "అక్కా, మీ వియ్యపురాలికి గుండీలు గూడ పంపుతవా?" అని ఒకరు, "పసుపుకుంకుమ మరిసినవు సూడు" అని ఇంకొకరు అనేవాళ్లు. ఆమె నోరు తెరవకుండా నవ్వేది, భుజాలు మాత్రం ఊగేవి.

కంటైనర్ పోయిన ప్రతిసారీ నా గదికి వచ్చేది. "ఇది యే దేశం పోయింది?" నేను ఫోన్‌లో మ్యాపు తీసి చూపించేదాన్ని. మన దగ్గర నుంచి అక్కడిదాకా ఉన్న నీలం రంగంతా సముద్రమని చెబితే చాలాసేపు చూసింది. వేలితో ముట్టుకుంది. మ్యాపు జరిగి ఇంకా నీళ్లే కనిపించాయి.

"గిన్ని నీళ్ల మీద పోతదా? ఎన్నాళ్లు వడ్తది?"

"నెల పైన పడుతుందండీ."

"నెల రోజులు కట్టి పెడితె చెమ్మ వట్టదా? పురుగు వట్టదా?"

"ఇనుప డబ్బా కదా, పట్టదు."

"ఇనుప డబ్బల బియ్యానికి వడ్తలేదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నవ్వలేదన్నది ఇప్పుడు గుర్తొస్తున్నది.

మధ్యాహ్నం అన్నాల వేళ నేను నా గదిలో ఒంటరిగా పుస్తకం చదువుకుంటూ తినేదాన్ని. ఒకరోజు వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. జొన్నరొట్టె తుంచి, మీద పల్లికారం పెట్టి, అడగకుండానే నా టిఫిన్ మూతలో వేసింది. మళ్లీ ఒకనాడు ఆ పల్లికారం కొంచెం ఇంటికి కట్టిస్తే మా అమ్మ రుచి చూసి, "మంచిగున్నది. ఎవలు చేసిన్రు?" అంది. షెడ్డులో ఒకామె అన్నాను. అంతకుమించి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

"నోట్లెనే సదువుకుంటవేంది, జర బయటికి సదువు. ఏముందో నేను గూడ ఇంట," అంది తలుపు దగ్గర కూర్చున్న ఆ రోజే. నేను తల అడ్డంగా ఊపాను. పక్క గదిలో సేటు ఉన్నాడు, బయట ఆడవాళ్లున్నారు. ఆమె లేచిపోయింది. కాసేపటికి ప్రెస్సు మిషన్ మొదలైంది. ఆ మిషన్ నడిస్తే రేకులన్నీ అదురుతాయి, పక్కవాళ్ల మాట పక్కవాళ్లకు వినపడదు. ఆమె వచ్చి మళ్లీ అదే చోట కూర్చుని, "ఇగ సదువు, ఎవలికి ఇనవడది," అంది. చదివాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమె మాత్రం నా పెదవుల వైపు చూస్తూ కథ అంతా విని, "గా తమ్ముడు మంచోడు గాడు," అంది. ఆ తర్వాత నేను రోజూ చదివాను. ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు పైకి చదువుతాను. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే ముందు ఫ్యాను వేస్తాను.

నేను మొదట చెప్పిన కోరిక పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. నా జాకెట్ మెడ వెనక హుక్కు ఊడిపోయింది. కొంగు కప్పుకుని ఎట్లాగో సాయంత్రం దాకా గడపాలని చూస్తున్నాను. ఆమె గమనించి, బేళ్ల చాటుకు తీసుకుపోయి నిలబెట్టింది. మణికట్టు మీది దారం తెంపి సూదికి ఎక్కించింది. ఇంకో చిన్న పోగు తెంపి నా నోటికి అందించింది.

"పండ్ల నడుమ పట్టుకో. ఒంటి మీద బట్ట కుట్టెటప్పుడు మాట్లాడొద్దు. నీకు గది చెప్పే పని లేదనుకో."

దారం ఉప్పగా ఉంది. ఆమె వేళ్లు మెడ వెనక కదులుతున్నాయి. కుట్టు అయ్యాక దారం కొరకడానికి వంగితే ఆమె ఊపిరి, వక్కపొడి వాసన, నా మెడ మీద తగిలాయి. అంతే. ఏమీ జరగలేదు. నేను గదికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఈమె మా అమ్మ అయి ఉంటే అనుకున్నాను. అనుకున్నాక భయమేసి అటూ ఇటూ చూశాను.

ఆమెకు ఒక కొడుకు, కోడలు, ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్లు బొంబాయిలోనే, కట్టే బిల్డింగుల దగ్గర గుడిసె వేసుకుని ఉండేవాళ్లు. కొడుకు మంచివాడే. రమ్మని ఫోన్ చేసేవాడు. భార్యాభర్తలిద్దరూ పనికి పోతే పిల్లలను చూసేవాళ్లు లేరు. ఫోన్ మోగగానే ఆమె లేచి ప్రెస్సు మిషన్ దగ్గరికి నడిచేది. మిషన్ ఆగి ఉంటే, నడిపే మనిషికి చేత్తో సైగ చేసేది. మిషన్ దడదడ మొదలయ్యాక ఫోన్ ఎత్తేది.

"ఇనవడ్తలేదు బిడ్డా. పనిల ఉన్న. ఆఁ, మస్తు పని. ఇడిసిపెట్టి యెట్ల వస్త? సేటు ఒప్పుకోడు."

ఒకసారి సేటు అక్కడే ఉన్నాడు. "నేనెప్పుడు ఒప్పుకోనన్న?" అన్నాడు. బల్లలన్నీ నవ్వాయి. ఫోన్ పెట్టేశాక ఆమె సేటుతో, "నువ్వు ఒప్పుకున్నవనుకో, నేను యేం సాకు చెప్పాలె సేటూ?" అంది. ఆయన నవ్వుకుంటూ పోయాడు. మంచి మనిషే. ఆ షెడ్డులో చెడ్డవాళ్లెవరూ లేరు. ఉంటే బాగుండేది, ఎవరినో ఒకరిని తిట్టుకునేదాన్ని.

ఆ రోజు నా గదికి వచ్చినప్పుడు అడిగాను. ఆమెను నేను అడిగిన కొద్ది ప్రశ్నల్లో అదొకటి. "పిల్లలను చూడాలని లేదా?"

"ఉండదా? రోజూ కండ్లల్ల మెదుల్తరు." కొంగుతో బల్ల మీది దుమ్ము తుడిచింది. "బొంబయిల మేం కట్టినయి ఎంతెత్తు ఉంటయో తెల్సా? తలెత్తి సూస్తె మెడ వడ్తది. మేం పండుకున్నది రేకుల కింద. ఒకటి అయిపోంగనే ఇంకోతాన. నా పిల్లలు పుట్టిన జాగ యేదంటె నాకే తెల్వదు, ఆడ యేదో బిల్డింగు లేసింది. ఆయన గీడికొచ్చి పోయిండు. మా బొందలగడ్డల పండుకున్నడు. పక్కన జాగ ఉన్నది, ముండ్లకంప కొట్టి సాపు జేసి పెట్టిన. గది నాది. ఈ పని ఉన్నన్నాళ్లు నన్నెవలు కదపలేరు. మల్ల పోయిన్నంటె, బతికి తిరిగొస్తనన్నది లేదు."

అప్పటిదాకా ఆ షెడ్డు నాకు ఒక ఉద్యోగం. ఆ రోజు నుంచి, కంటైనర్ కాగితాలు టైపు చేస్తున్నప్పుడల్లా ఇవి ఆమెను ఇక్కడ ఉంచే కాగితాలని అనిపించేది. తప్పు లేకుండా ఉండాలని రెండుసార్లు చదివేదాన్ని. కాగితాల్లో ఎప్పుడూ తప్పు రాలేదు.

ఎండాకాలం చివర ఒక ఉదయం మెయిల్ వచ్చింది. అంతకు రెండు నెలల ముందు పంపిన కంటైనర్‌ను అక్కడి ఓడరేవులో ఆపేశారు. బేళ్లు విప్పి చూస్తే లోపల ఎండిన ఆకులు దొరికాయి. వాళ్ల దేశంలోకి అనుమతి లేకుండా ఆకు, గింజ, మట్టి రాకూడదు, వాటితో తెగుళ్లు వస్తాయని వాళ్ల భయం. సరుకు వెనక్కి పంపుతున్నారు. ఇక ఈ షెడ్డు నుంచి కొనేది లేదు. కింద ఫోటో ఉంది. తెల్ల కాగితం మీద నాలుగు వేపరెబ్బలు పరిచి, పక్కన కొలబద్ద పెట్టి తీశారు. ఆకులు ఎండి, ముడుచుకుని ఉన్నాయి. దొంగల ఫోటోలు అట్లా తీస్తారు.

చూడగానే నాకు తెలిసింది. సేటు నా భుజం మీదుగా చదివాడు, ఫోటో చూశాడు, లోపలికి నడిచాడు. నేను వెనకాలే పోయాను.

"బేళ్లల్ల వేపాకు ఎవలు వెట్టిన్రు?"

ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. చిందీ మోకాలి మీద ఉంది.

"నేనే సేటూ. ఒక్కో బేలుల గుప్పెడు. నీడకు ఎండవెట్టి తెచ్చిన, మరక గాదు."

"ఏంటికి?"

"నెల రోజులు నీళ్ల మీద ఉంటదంట గద. పురుగు వట్టొద్దని. మీ ఇంట్ల బియ్యంల ఏస్తలేరా?"

మణెమ్మ నవ్వబోయి సేటు ముఖం చూసి ఆగింది. సేటు పక్కనున్న బేలు మీద కూలబడ్డాడు. "ఏస్తరు. మా అమ్మ ఏస్తది," అన్నాడు. కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. తర్వాత సంగతి చెప్పాడు. కంటైనర్ వెనక్కి రావడం అంటే ఏమిటో, తెల్ల సరుకు ఇక ఎవరూ తీసుకోరంటే ఏమిటో. ఆమె తల వంచుకుని విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"అయితె గామె బేలు ఇప్పనే లేదా?"

ఆ సాయంత్రం నేను ఒక పని చేశాను. సేటు గదిలోకి పోయి, రెండు మూడుసార్లు డైరీలో రాసి చూసుకున్న మాటలను పైకి అన్నాను. వాళ్లకు మళ్లీ రాస్తానని, వేపాకు అంటే ఏమిటో చెబుతానని. సేటు ఆశ్చర్యపోయి, "నీకు మాటలొచ్చునా?" అని, "రాయమ్మా, రాసేటందుకు ఏం పోయింది," అన్నాడు. రాశాను. ఇది చెత్త కాదు, ఎవరి అజాగ్రత్తా కాదు, మా ఇళ్లలో ధాన్యానికీ బట్టలకూ ఇట్లాగే వేస్తామని, అవతల బేలు విప్పే మనిషికి పురుగు లేని గుడ్డ అందాలని మా దగ్గర ఒకామె తన ఇంటి వేపచెట్టు ఆకు తెచ్చి వేసిందని. అంత పొడుగు మెయిల్ నేను ఎప్పుడూ రాయలేదు.

జవాబు రెండు వాక్యాలు. ఆమె ఉద్దేశం మాకు అర్థమైంది. నియమం మారదు.

కింద ఉన్న పేరు ఆడవాళ్లదో మగవాళ్లదో నాకు తెలియలేదు. ఆమెకు చదివి వినిపించాను.

"అర్థమైందన్నదా?"

"అన్నారు."

"గంతే సాలు," అని లేచింది. తలుపు దాకా పోయి ఆగింది. "పాపం ఆమె మాత్రం ఏం జేస్తది, ఆమె మీద గూడ సేట్లుంటరు."

తెల్ల బల్ల ఎత్తేశారు. రంగు ముక్కలొక్కటే గిట్టవని ఆ బల్లలూ ఆపేశారు. మణెమ్మా మిగతావాళ్లూ గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో కూలికి పోయారు. ఆమె మోకాళ్లు చేలల్లో వంగడానికి సహకరించవు. మెకానిక్‌ల దారం లారీ వచ్చినప్పుడు రమ్మన్నాడు సేటు. ఆ లారీ ఎప్పుడో గానీ రాదు. అయినా ఆమె రోజూ వచ్చేది. ఖాళీ షెడ్డు ఊడ్చేది. మిగిలిన చిక్కు ముందేసుకుని విడదీస్తూ కూర్చునేది. నేను నా గదిలో పని లేని కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. అన్నం వేళ చదవమని అడగలేదు. మిషన్ ఆగిపోయింది గదా.

ఒకరోజు ఫోన్ మోగింది. ఆమె అలవాటుగా లేచి ప్రెస్సు మిషన్ దాకా నడిచింది. చెయ్యి ఎత్తింది. సైగ అందుకునేవాళ్లెవరూ లేరు. ఫోన్ మోగుతూనే ఉంది. స్విచ్చు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను పరుగెత్తి స్విచ్చు వేశాను. మిషన్‌కు కరెంటు కనెక్షన్ ఎప్పుడో తీసేశారు. ఆమె ఫోన్ ఎత్తింది. ఖాళీ షెడ్డులో కొడుకు గొంతు నాకూ వినపడింది.

"అమ్మా, మిషన్ సప్పుడేది?"

ఆమె ఆగి ఉన్న మిషన్ మీద చేయి వేసింది.

"అమ్మా. మిషన్ సప్పుడు వస్తలేదు. పని లేదా?"

"బందైంది బిడ్డా," అంది.

కొడుకు వారంలోపే వచ్చాడు. ఆమె ఏమీ వాదించలేదట. ఘణపూర్‌లో ఇంటికి తాళం వేసి, బొందలగడ్డలో మొగుడి సమాధి దగ్గరికి పోయి వచ్చి, బయల్దేరిందట. ఇదంతా మణెమ్మే నాకు ఫోన్ చేసి చెప్పింది. బొంబాయి బస్సు కొత్తకోటలో సాయంత్రం ఆగుతుందని, పోతే పొమ్మని.

పోయాను. హైవే మీద దాబాల ముందు బస్సు ఆగి ఉంది. కొడుకు మూటలు వెనక డిక్కీలో పెట్టిస్తున్నాడు. ఆమె అప్పటికే కిటికీ పక్కన కూర్చుంది. నెత్తికి నూనె రాసుకుంది, ఇస్త్రీ మడత పోని చీర కట్టుకుంది. వయసు తగ్గినట్టుంది. నేను కిటికీ కింద పోయి నిలబడ్డాను. పోవద్దనాలి. అంటే ఏం చేయగలదు? కొడుకు మంచివాడు. పిల్లలు చిన్నవాళ్లు. నేను ఎవరిని?

ఆమె కిటికీలోంచి చేయి బయటపెట్టి నా తల మీద పెట్టింది. జడ సవరించింది. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. కొడుకు ఎక్కాడు. అద్దం అదురుతోంది. నా కళ్లు నిండడం ఆమె చూసింది. చేయి వెనక్కి తీసుకుంది. ముందున్న సీటు కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నా వైపు చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ అంది:

"ఏడుస్తె ఏడువు బిడ్డా. గని బస్సు కదిలినంక ఏడువు. నేను సూసిన్నంటె దిగుత."